అత్తగారి వంతు

మా అత్తగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఆవిడ కాళ్ళు రెండూ మంచం కిందికి దించాలి. ఆవిడ పాదాల మధ్య నా పాదం పెట్టాలి. ఆవిడ చేతులు నా మెడ చుట్టూ వేయించుకోవాలి, నా చేతులు ఆవిడ వీపు వెనక కలపాలి. అప్పుడు ఇద్దరం కలిసి ఒకటి, రెండు, మూడు అనుకుని మూడుకి లేవాలి. ఆవిడ మూడు దాకా ఆగదు. రెండనగానే లేచాననుకుని బరువంతా నా మీద పడేస్తుంది. "మూడు దాకా ఆగండి అత్తయ్యా" అంటే, "నీ లెక్క తెమిలేసరికి తెల్లారుతుంది" అంటుంది. పైగా నవ్వుతుంది. ఆ నవ్వు నా చెవి పక్కనే వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నా నడుములో ఒక నిప్పుతీగ రాజుకుని, ఎడమ పిరుదు మీదుగా, తొడ వెనక నుంచి, పిక్క పక్కగా బొటనవేలి దాకా పాకుతుంది. నేను పళ్ళు బిగబట్టి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, దిండు సర్ది, కాఫీ కలపడానికి వెళతాను.

కిందటేడు స్నానాలగదిలో జారిపడి ఆవిడకి వెన్నుపూస ఒకటి నలిగింది. అప్పటినుంచీ ఎవరో ఒకరు లేపితే తప్ప లేవలేదు. ఆ ఎవరో ఒకరు నేనే అని ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. మొదటి రోజు ఆవిడ "అమ్మాయ్" అని పిలిచింది, నేను వెళ్ళాను, అంతే. రెండో రోజు మా ఆయన లేపబోతే "నువ్వొద్దురా, నీ చెయ్యి మొరటు. దాని చెయ్యే నాకు పడుతుంది" అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను కూడా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే మరి. మెచ్చుకోలు మెడకి చుట్టుకుంటుందని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది.

నాకు నడుము నొప్పి అని మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన "మళ్ళీనా?" అన్నారు. మొదటిసారే మళ్ళీ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. "నలభై దాటితే ఆడవాళ్ళందరికీ ఉండేదేగా" అని పేపరు తిప్పారు. అత్తగారికి చెబితే "నాకంటేనా?" అంది. ఆవిడకి నిజంగానే పూస నలిగింది కదా. మా ఆడపడుచుకి చెబితే "నీకేం వదినా, రోజంతా నిలబడే ఉద్యోగం, ఒళ్ళు కదులుతూ ఉంటుంది. కూర్చుని కూర్చుని నాకే పట్టేస్తోంది" అంది. మా ఇంట్లో నొప్పి అనే ఉద్యోగం ఒక్కటే ఉంది, అది అత్తగారికి పర్మనెంటు అయిపోయింది. నేను దరఖాస్తు పెట్టుకోవడం మానేశాను.

నిలబడే ఉద్యోగం అన్నమాట మాత్రం నిజం. నేను పరుపుల దుకాణంలో పనిచేస్తాను. గోడ పొడుగునా మంచాలు, మంచాల మీద పరుపులు, ఒక్కో పరుపు మీద ప్లాస్టిక్ తొడుగు. వచ్చినవాళ్ళని "మొహమాటపడకండి, పడుకుని చూడండి" అని పడుకోబెట్టడం నా పని. పక్కకి తిరగమంటాను, నడుము కింద చెయ్యి దూరుతోందా లేదా చూస్తాను, మెత్తటి పరుపు నడుముకి ఎందుకు శత్రువో చెబుతాను. నడుము నొప్పి అంటూ ఎవరొచ్చినా మేనేజరు నన్నే పిలుస్తాడు. తోటివాళ్ళు నన్ను డాక్టరమ్మా అని ఏడిపిస్తారు. అన్ని పరుపుల మధ్య మేం ఒక్కసారి కూడా కూర్చోకూడదు. "మీరు కూర్చుంటే గుంటలు పడతాయి" అంటాడు మేనేజరు. కొనేవాళ్ళు కూర్చుంటే పడని గుంటలు మేం కూర్చుంటే ఎలా పడతాయో ఆ మహానుభావుడికే తెలియాలి. మా అత్తగారికి పూస నలిగినప్పుడు ఉన్నవాటిలో మంచి పరుపు తగ్గింపు ధరకి తెచ్చాను. మా ఆయన లోపలి గదిలో పాత మంచం మీద పడుకుంటారు. రాత్రి పిలిస్తే పలకాలి కాబట్టి నేను అత్తగారి గదిలో నేల మీద పడుకుంటాను.

పెద్ద డాక్టరు ఒకాయన నెలకొకసారి మాత్రమే మా ఊరొచ్చి వెన్నెముకలు చూస్తాడు. ఆయన దగ్గర వంతు దొరకడం కష్టమని అందరూ అంటారు. మా ఆయన తన పై అధికారి చేత చెప్పించి, కాళ్ళావేళ్ళా పడి అమ్మకి వంతు సంపాదించారు. అది ఖాయమైన రోజు నుంచీ అత్తగారి మొహంలో వెలుగొచ్చింది. "పెద్ద డాక్టరు చూస్తే వేరు. ఇక్కడివాళ్ళకేం తెలుసు. ఆయన నడిపించేస్తాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. తీరా వెళ్ళాల్సిన రోజు పొద్దున ఆవిడని కారు దాకా తీసుకెళ్ళే సరికి నొప్పికి కళ్ళు తిరిగాయి. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, మనిషి రాలేకపోతే ఫిల్ములు తెచ్చి చూపించండి, డాక్టరు చూసి చెబుతారు అన్నారు. మా ఆయనకి ఆఫీసులో మీటింగు. "నువ్వెళ్ళి చూపించు. ఆయన చెప్పింది చెప్పినట్టు వచ్చి చెప్పు, నీ తెలివి కలపకు" అన్నారు. ఆడపడుచు ఆ పూట మటుకు వచ్చి కూర్చుంటానంది. నేను ఆవిడ కింద వేసే అడ్డబట్ట మార్చి, తాగే నీళ్ళు చేతికందేలా పెట్టి, ఫిల్ముల కవరు పట్టుకుని బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే అత్తగారు పిలిచింది. "నడుస్తానా లేదా అని గట్టిగా అడుగు. మొహమాటపడకు" అంది.

ఆ క్లినిక్ హాల్లో నిటారుగా ఉన్న మనిషి ఒక్కరు లేరు. ఒకరు కుర్చీ చివర, ఒకరు గోడకి ఆనుకుని, ఒకరు భార్య భుజం మీద. అందరి ఒళ్ళోనూ మాలాంటి పెద్ద కవర్లే. నేను కూడా కుర్చీలో కుడివైపుకి ఒరిగి కూర్చున్నానని చాలాసేపటికి గాని గమనించలేదు. నంబరు పిలిచారు. లోపల చిన్న గది, ఎత్తు బల్ల, డాక్టరు టేబులు మీద ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి. ఆయన ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "చెప్పండి. ఎక్కడ నొప్పి?" అన్నాడు.

నాకు కాదండీ, మా అత్తగారికి. ఆ మాట నాలిక చివరే ఉంది. దేవుడి మీద ఒట్టు, అక్కడే ఉంది. కానీ ఇన్ని నెలల్లో నన్ను ఎక్కడ అని అడిగినవాళ్ళు లేరు. మళ్ళీనా అన్నారు, నాకంటేనా అన్నారు, అందరికీ ఉండేదే అన్నారు. ఎక్కడ అనలేదు. నా చెయ్యి దానంతటది వెనక్కి వెళ్ళి నడుము మీద ఆనింది. "ఇక్కడండీ" అన్నాను. "ఇక్కడ్నించి కాల్లోకి." చెయ్యి తోవ చూపిస్తూ పోయింది, నేను చూస్తూ ఉండిపోయాను.

ఆయన అప్పుడు తల ఎత్తాడు. నన్ను చూశాడు, చీటీ చూశాడు. "డెబ్బై రెండా? మీకా?"

"రాసేవాళ్ళు తప్పు రాసినట్టున్నారండీ."

"మా వాళ్ళ పని ఇలాగే ఏడుస్తుంది" అని ఆ అంకె కొట్టేశాడు. "ఎంత?"

"నలభై మూడు."

కౌంటరు దగ్గర చీటీలు రాసే అమ్మాయికి సాయంత్రం నా మూలాన చివాట్లు పడి ఉంటాయి. "ఫిల్ములేమైనా తెచ్చారా?" అన్నాడు. కవరు నా కుర్చీకి ఆనించి ఉంది. తేలేదండీ అన్నాను. అంటూనే దాన్ని మడమతో కుర్చీ కిందికి తోశాను. అబద్ధం ఆడడం ఇంత తేలికని నాకు తెలియదు. ఒకటి ఆడితే రెండోది దానంతటదే వచ్చేస్తుంది.

బల్ల ఎక్కి పడుకోమన్నాడు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి. ఎడమ కాలు మడవకుండా మెల్లగా పైకెత్తాడు. సగం కూడా లేవకముందే నేను కెవ్వుమన్నాను. ఆ అరుపు నాదేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. సిగ్గుతో నోరు మూసుకోబోతే, "అరవండి, అరవండి. ఎక్కడ అరుస్తారో తెలిస్తేనే నాకు పని" అన్నాడు. తర్వాత మడమల మీద నడవమన్నాడు. ఎడమ పాదం ముందు భాగం సరిగ్గా లేవలేదు. బొటనవేలి మీద తన వేలు పెట్టి, "దీన్ని పైకి తొయ్యండి" అన్నాడు. తోశాననుకున్నాను. "తొయ్యండి" అన్నాడు మళ్ళీ. నేను తోస్తూనే ఉన్నాను, వేలు మాత్రం కదలడం లేదు.

"ఏం ఎత్తుతున్నారు మీరు?" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

"ఇంట్లో పెద్దావిడ ఉన్నారండీ. మంచం మీద."

"మీరొక్కరేనా ఎత్తేది?"

"అవునండీ."

"ఎందుకు?"

పొయ్యి ఎందుకు వెలిగిస్తున్నావు అని అడిగినట్టుంది నాకు. ఇంకెవరూ లేరా అని అడిగాడు. ఉన్నారు. ఉన్నారన్న మాట చెప్పడానికి ఎందుకో అంత సిగ్గు వేసింది, ఏదో దాచుకున్న రోగం బయటపెడుతున్నట్టు. ఆయన ప్లాస్టిక్ వెన్నెముకని తిప్పి, కింది పూసల మధ్య పెన్ను పెట్టి చూపించాడు. ఇక్కడ మెత్తటి బిళ్ళ పక్కకి జరిగి నరాన్ని నొక్కుతోంది అన్నాడు. మాత్రలు రాసి, స్కాన్ తీయించి వచ్చే నెల రమ్మన్నాడు. వంగకూడదు, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకోవాలి, కాపడం పెట్టుకోవాలి. "మనిషిని ఎత్తడం ఇవాళ్టితో ఆపెయ్యాలి. ఈలోగా పాదం పూర్తిగా వాలిపోయినా, మూత్రం వచ్చేది తెలియకపోయినా వచ్చే నెల దాకా ఆగొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆలస్యమైతే ఆ కాలు మళ్ళీ మీ మాట వినదు." ఇదంతా నాకు చెప్పాడు. నా మొహం చూసి చెప్పాడు.

కవరు తీసుకుని బయటికి వచ్చాను. వెనక్కి వెళ్ళి, ఇవి మా అత్తగారివండీ అని బల్ల మీద పెట్టి ఉండచ్చు. అప్పటికే తర్వాతి మనిషి లోపలికి వెళ్ళిపోయాడు. కౌంటరు అమ్మాయిని అడిగితే "మీ వంతు అయిపోయిందిగా మేడం, ఇంక వచ్చే నెలే" అంది. నా వంతు కాదమ్మా అది. హాల్లో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాను. మా అమ్మ బతికుండగా ఆ మాట అంటూ ఉండేది. కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో మాత్రం చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు తల దువ్వించుకుని, గుమ్మానికి ఎదురుగా కుర్చీ తిప్పించుకుని కూర్చుని ఉంది. ఆడపడుచు అప్పటికే హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని ఉంది. నేను చెప్పులు విప్పకముందే అత్తగారు అడిగింది. "నడుస్తానన్నాడా?"

దారి పొడుగునా నేను మాటలు కూడబలుక్కున్నాను. డాక్టరు రాలేదు అందామనుకున్నాను, ఫిల్ములు ఉంచుకున్నాడు అందామనుకున్నాను. ఆ మొహం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. "నడుస్తారన్నారు అత్తయ్యా" అన్నాను. "మెల్లగా."

ఆడపడుచు అక్కడే నిలబడి ఏడ్చేసింది. అన్నకి ఫోన్ చేసింది. మా ఆయన సాయంత్రం పళ్ళు పట్టుకొచ్చి, "చూశావా, పెద్ద డాక్టరంటే అదీ" అన్నారు. ఏం చెయ్యమన్నాడో చెప్పు, ఒక్కటి కూడా వదలకు అన్నారు. నేను వదల్లేదు. మోకాళ్ళ కింద దిండు అన్నాను. కాపడం అన్నాను. వంగకూడదట, బరువులు ఎత్తకూడదట అన్నాను. "నేనేం ఎత్తుతున్నానే, నన్నే ఎత్తుతుంటే!" అంది అత్తగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాటి నుంచీ నా వైద్యం అత్తగారికి మొదలైంది, చేసేది నేను. ఆవిడ మోకాళ్ళ కింద దిండు పెట్టడానికి వంగేదాన్ని. వేడి నీళ్ళ సంచి నింపి ఆవిడ నడుము కింద సర్దేదాన్ని, సర్దుతుంటే ఆ వేడి నా అరచేతులకి తగిలి ప్రాణం లేచొచ్చేది. కాస్త ఎక్కువసేపు చేతులు అక్కడే ఉంచేదాన్ని. నాకు రాసిన మాత్రలు వంటింట్లో పప్పు డబ్బా వెనక దాచి, ఎవరూ చూడకుండా మింగేదాన్ని. దుకాణం నుంచి వస్తూ స్కాన్ సెంటరు బోర్డు చూసి తల తిప్పుకునేదాన్ని. స్కాన్ తీయించుకుంటే ఎవరికని చెప్పాలి? తేలు కుట్టిన దొంగ పాట్లు నావి. కుట్టిన చోట మంట, అరిస్తే దొంగతనం బయటపడుతుంది.

దుకాణానికి ఒక రోజు భార్యాభర్తలు వచ్చారు. భార్య మంచం అంచు పట్టుకుని నిలబడిన తీరు చూడగానే నాకు అర్థమైంది. "మీరు పడుకుని చూడండమ్మా" అన్నాను. భర్త నవ్వాడు. "ఆవిడకి కాదండీ, మా అమ్మకి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నడుము తడుముకున్నాను. ఆ భార్య నా చేతి వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. వాళ్ళు వెళ్ళాక నేను కూర్చున్నాను, తొడుగు వేసిన ఆ పరుపు మీదే. మేనేజరు దూరం నుంచి కేకేశాడు. లేచాను. లేవడానికి మంచం తలాపు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇవన్నీ భరించచ్చు. భరించలేనిది ఏమిటంటే, అత్తగారు మారిపోయింది. లేపేటప్పుడు మూడు దాకా ఆగుతోంది. నేను ఒకటి, రెండు అంటుంటే బుద్ధిగా ఊపిరి బిగబట్టి, మూడనగానే తన కాళ్ళ మీద తను నిలబడాలని ముక్కుతోంది. "ఇవాళ కొంచెం తేలికైనట్టుంది కదూ?" అని అడుగుతోంది. అవునత్తయ్యా అంటున్నాను. పాత చెప్పులు అటక మీంచి దింపించి, కడిగించి, మంచం పక్కన పెట్టించుకుంది. ముందు వైపు గుమ్మం కేసి తిప్పి పెట్టమంది. రాత్రి నేల మీద పక్కకి తిరిగితే ఆ చెప్పులు సరిగ్గా నా మొహం ముందు ఉండేవి. ఎన్నిసార్లో నోరు తెరిచాను. అత్తయ్యా, ఆ రోజు మీ వంతు నేను కాజేశాను. మీ ఫిల్ములు కవరులోంచి బయటికి కూడా రాలేదు. అనేదాన్నే, కానీ ఆవిడ ఆ పూటే ఎవరితోనో ఫోన్‌లో "మా కోడలు దగ్గరుండి కనుక్కొచ్చింది" అని చెప్పేది. నోరు మూసుకునేదాన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వెనక వరండాలో బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన ముందు గదిలో టీవీలో మ్యాచి చూస్తున్నారు. అత్తగారి గదిలో మంచం కిర్రుమంది. తర్వాత నేల మీద చెప్పు రాసుకున్న చప్పుడు. తడి బట్ట చేతిలోనే ఉంది, పరిగెత్తాను. ఆవిడ నిలబడి ఉంది. చెప్పులు వేసుకుని, రెండు చేతులతో తలాపు పట్టుకుని, మోకాళ్ళు గజగజ వణుకుతూ నిలబడి ఉంది. మొహమంతా చెమట. "చూడవే అమ్మాయ్" అంది. "పెద్ద డాక్టరు ఊరికే అనడు."

ఆ మాట పూర్తయ్యేలోగా మోకాళ్ళు మడతపడ్డాయి. పద్ధతీ లేదు, లెక్కా లేదు. ఎగిరి పట్టుకున్నాను. నా నడుములో ఏదో తెగినట్టయింది. ఆవిడని వదలకుండా మంచానికి వీపు రాసుకుంటూ జారి, నేల మీద కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా ఒళ్ళో పడింది. దెబ్బ తగల్లేదు. కాసేపు ఇద్దరం ఊపిరి పీల్చుకోవడంలో పడ్డాం. ఆవిడని మెల్లగా పక్కకి జరిపి, మంచానికి ఆనించి కూర్చోబెట్టాను. అప్పుడు నా ఎడమ పాదం చూసుకున్నాను. పైకి రమ్మన్నాను. రాలేదు. బొటనవేలు సరే, పాదం మొత్తం వాలిపోయి అలా పక్కకి పడి ఉంది, నాది కానట్టు.

ఏడుపు దానికి రాలేదు. ఆవిడ మోకాలు నిమురుకుంటూ, "రేపు ఇంకొంచెంసేపు నిలబడతాను" అంది చూశారూ, దానికి వచ్చింది.

"అత్తయ్యా, డాక్టరు మీరు నడుస్తారని అనలేదు" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది.

"మీ సంగతి నేను అడగనే లేదు. మీ ఫిల్ములు చూపించలేదు. ఎక్కడ నొప్పి అన్నాడు, నాకే అని చెప్పాను. ఆ దిండూ, కాపడం, అన్నీ నాకు చెప్పినవే. మీ వంతు నేను తినేశాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆవిడ చెప్పుల కేసి చూసింది. "అయితే నడుస్తానో లేదో తెలీదన్నమాట" అంది.

"తెలీదు."

"నడవనని కూడా అనలేదుగా."

"అనలేదు."

"సరే అయితే." చెయ్యి చాచి నా చెంప తుడిచింది. తుడవడం కూడా విసురుగానే తుడిచింది. "నీకు నొప్పని నాకు తెలుసే. నన్ను లేపినప్పుడల్లా నా చెవి పక్కనే పటపటా పళ్ళు కొరుకుతావు. చెవుడనుకున్నావా నాకు?"

"తెలిసి ఎందుకు అడగలేదు అత్తయ్యా?"

"అడిగితే చెబుతావు. చెబితే ఎత్తలేనంటావు. అప్పుడు నన్నెవరు ఎత్తుతారు?" అని మొహం అటు తిప్పుకుంది. "అందుకే రెండుకే లేచేదాన్ని. తొందరగా అయిపోతుంది కదాని" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తొందరే నా నడుము విరిచింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఇద్దరం దొంగలమే, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం. ముందు గదిలో ఉన్న మనిషి చేతికి మాత్రం మట్టి అంటలేదు. ఎప్పుడూ ఎత్తనివాడు తప్పు ఎక్కడ చేస్తాడు?

చప్పుడు విని కాదు, టీ కోసం అనుకుంటాను, అప్పుడు వచ్చారాయన. గుమ్మంలో ఆగిపోయారు. "ఇదేంటి, అమ్మని కింద కూర్చోబెట్టావేంటి! లే, లే, నువ్వా పక్క పట్టు."

"నేను పట్టను."

"ఏంటీ?"

"నేను ఎత్తకూడదు. డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆయన చూసింది అత్తయ్యని కాదు, నన్ను."

ఆయన తల్లి కేసి చూశారు, నేను కాదనేసిన మాట ఆవిడైనా అవుననకపోతుందా అన్నట్టు. ఆవిడ చేతులు రెండూ ఆయన కేసి చాచింది. "చూస్తావేంరా? రా. నా కాళ్ళ మధ్య నీ కాలు పెట్టు. చేతులు వెనక్కి వెయ్యి. మోకాళ్ళు వంచు, నడుము కాదు" అంది. ఆయన వంగారు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు, మోచేతులు పట్టుకున్నారు. ఆవిడ అమ్మో అంది. నా చేతులు రెండూ లేచాయి. అలా కాదండీ, కొంచెం కిందికి, అని నోరు కూడా లేచింది. ఆవిడకి నొప్పి పుడుతోంది, అది నా వల్లే, నేను పట్టుకుంటే క్షణంలో అయిపోతుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను ఆ ఏడాదంతా చెయ్యలేదు.

"ఒకటి, రెండు" అంటూనే ఆయన లేపబోయారు.

"మూడురా!" అని అరిచింది అత్తగారు. "మూడుకి లేపాలి. మూడు దాకా ఆగడం కూడా రాదా నీకు?"

మూడో ప్రయత్నానికి ఆవిడ మంచం మీదికి చేరింది. ఆయన ఎగపోసుకుంటూ నిటారుగా లేవబోయి, నడుము మీద చెయ్యి వేసుకుని, "అబ్బా, పట్టేసింది" అన్నారు. మళ్ళీనా అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. నా పాదం చూపించాను. పెద్దాసుపత్రికి ఇవాళే వెళ్ళాలి అన్నాను.

"ఇవాళా? మరి అమ్మ దగ్గర ఎవరుంటారు?" అన్నారు.

నిజమే, ఎవరుంటారు? సాయంత్రం అడ్డబట్ట ఎవరు మారుస్తారు, రాత్రి పిలిస్తే ఎవరు పలుకుతారు? వద్దులెండి, రేపు చూద్దాం అనబోయాను. నన్ను నేను ఎరుగుదును, అనేసేదాన్నే. మంచం మీంచి అత్తగారు, "నీ చెల్లికి ఫోన్ చెయ్యి. రాకపోతే నువ్వు తిరిగొచ్చే దాకా ఇలాగే పడుంటాను, చావనులే" అంది. భయపడుతోంది ఆవిడ. ఆ భయం నేనే పెట్టాను, అయినా మంచం అంచు పట్టుకుని, కుడికాలి మీద బరువు వేసి లేచాను. తప్పు చేసినట్టే ఉంది. బహుశా ఇంకా చాలా రోజులు అలాగే ఉంటుంది.

ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నారు. "అక్కడ కౌంటరు దగ్గర వివరాలు అడుగుతారు" అన్నాను. "ఎవరికని అడిగితే, నా భార్యకని చెప్పండి. వయసు నలభై మూడు. తప్పు రాస్తే దిద్దించండి."